గడి జారింది

మార్చి 4, మంగళవారం

పొద్దున అక్క కంప్యూటర్ లేవలేదు. బావ ఫోన్ చేసేసరికి నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉన్నాను.

"ఆన్ చేస్తే గరగరమంటోందిరా. తెర నల్లగానే ఉంది. నేను డ్యూటీకి పోవాలి, బస్సు నా కోసం ఆగదు కదా" అన్నాడు.

ఆ బస్సు నడిపేది ఆయనే. ఆయన లేకపోతే అది కదలనే కదలదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. మా ఇద్దరికీ మామూలు రోజుల్లోనే పొసగదు.

సగం పూట సెలవు పెట్టి వెళ్ళాను. అక్క చక్రాల కుర్చీలో ఉంది. కుడి చూపుడు వేలు స్విచ్ మీద ఉంది. ఎదురుగా తెర చీకటిగా ఉన్నా వేలు మాత్రం నొక్కుతూనే ఉంది. టక్, టక్. ఒళ్ళంతటిలో ఆమె మాట వినేది ఇప్పుడు ఆ ఒక్క వేలే. నరాల జబ్బు ముందు కాళ్ళను తీసుకుంది, తర్వాత చేతులను, నాలుకను.

మూత తీసి, దుమ్ము ఊది, డిస్క్ తీగ పీకి మళ్ళీ గుచ్చాను. ఎన్నోసారికో లేచింది. ఆ పాత ఆపరేటింగ్ సిస్టమ్ బద్ధకంగా పైకి వచ్చి అక్షరాల పట్టిక చూపించింది. వెలుగు గడి ఒక్కో వరస దిగుతూ పోతుంది. కావలసిన వరస మీదికి రాగానే నొక్కాలి. అప్పుడది ఆ వరసలో ఒక్కో అక్షరం మీదికీ వెళుతుంది. మళ్ళీ నొక్కాలి. అక్క చకచకా నొక్కింది. స్పీకర్‌లోంచి అక్క గొంతే వచ్చింది.

"పొద్దున్నుంచి తిట్లు దాచిపెట్టా. ఏది ముందు కావాలి?"

జబ్బు తెలిసిన ఏడాది రికార్డు చేసిన గొంతు అది. అప్పటికి మందుల షాపు నడుపుతోంది. షట్టర్ దించేసి, వెనక గదిలో, ప్రోగ్రాం రాసినాయన మైకు పట్టుకుంటే ఒక్కో అక్షరం, ఒక్కో మాట చదివింది. ఆయన కంపెనీ మూసేశాడు. కొత్త కంప్యూటర్లేమో ఈ పాత సిస్టమ్‌ను గుమ్మం కూడా తొక్కనివ్వడం లేదు.

మార్చి 8, శనివారం

డిస్క్ మొత్తం కాపీ తీశాను. అక్క కంప్యూటర్ ఇప్పుడు నా దగ్గర ఒక ఫైలు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకుంటే చాలు. ఫ్యాక్టరీలో రంగులు కలిపే మెషీన్ పాత కంప్యూటర్‌ను నేనే ఇలా మార్చాను కాబట్టి ఇదేం పెద్ద పని కాదు.

బావకి చెప్పాను. "కొత్త కంప్యూటర్ లోపల ఈ పాత సిస్టమ్‌ని ఉంచుతాం. అది మాత్రం సొంత కంప్యూటర్‌లోనే ఉన్నాననుకుంటుంది."

"అద్దెకున్నవాడిని సొంతిల్లే అని నమ్మించడమా?"

"అలాంటిదే."

"మరి ఓనరు గొడవ చేస్తే?"

బావ ఊరికే అన్నాడు గాని అసలు సమస్య అదే. అలాంటి సాఫ్ట్‌వేర్లు మూడు ఉన్నాయి నా ముందు. ఒకటి ఉచితంగా దొరికేది. ఒకటి కొనుక్కునేది, నెల రోజులు వాడి చూడొచ్చు. మూడోది ఎమ్యులేటర్. పాత కంప్యూటర్‌లోని ప్రతి ముక్కనూ అచ్చం అలాగే అనుకరిస్తుందట, కానీ నత్త నడక. దాన్ని పక్కన పెట్టేశాను.

మార్చి 9, ఆదివారం

ఉచితంగా దొరికేదాన్ని కొత్త కంప్యూటర్లో ఎక్కించి అక్క దగ్గర పెట్టాను. సిస్టమ్ లేచింది, పట్టిక వచ్చింది. నా వీపు నేనే తట్టుకున్నాను. గొంతు మాత్రం బాగా లేదు, ఇసుక నములుతున్నట్టు గరగర.

"నాకు జలుబు చేసిందా?" అంది అక్క.

స్పీకర్ పెంచుతూ, "ఇంకా పెంచనా?" అని అడిగాను. వెలుగు గడి కదిలింది, ఆగింది, కదిలింది. అక్క నొక్కింది.

"చావు."

బావ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. అక్క కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ మొదటినుంచి నొక్కింది. ఈసారి సరిగ్గా వచ్చింది. "చాలు."

పట్టికలో ల పక్కనే వ. నొక్కిన నొక్కు ఒక రెప్పపాటు ఆలస్యంగా అందుతోంది, ఈలోగా వెలుగు పక్క గడిలోకి జారిపోతోంది. ఏళ్ళ తరబడి అక్క వేలు ఆ వెలుగు నడకకు అలవాటు పడిపోయింది. చూసి నొక్కదు, లయ పట్టుకుని నొక్కుతుంది. కొంచెం తేడా వచ్చినా ఇంతే.

అక్క మాత్రం నవ్వింది. ఆమె నవ్వు ఇప్పుడు ముక్కులోంచి వచ్చే చిన్న గాలి. "భయపడ్డారా" అని రాసింది. బావ నవ్వలేదు.

మార్చి 10

పాత కంప్యూటర్ ఈరోజు పూర్తిగా పోయింది. కాపీ తీసి బతికిపోయాం.

మార్చి 12, బుధవారం

ఆసుపత్రి. ఊపిరి కొలిచే మెషీన్లోకి అక్కను ఊదమన్నారు. దాని ముల్లు కదిలిందో లేదో నాకు కనబడలేదు.

డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు తీసుకెళ్ళలేదు. అక్క ఎదురుగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. "రోజూ పెట్టుకునే ఆ ఊపిరి మాస్కు ఇంకెన్నాళ్ళో సరిపోదండీ. తర్వాత రెండే దారులు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి మెషీన్‌తో ఊపిరి ఆడించడం ఒకటి. అది వద్దనుకుంటే, ఇబ్బంది లేకుండా మందులిచ్చి చూసుకోవడం ఇంకొకటి. మీరు ఇంటికెళ్ళి ఆలోచించుకుని, మీ మాటల్లో మీరే చెప్పండి."

"పెట్టేయండి, ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు బావ.

"నేను ఆవిడని అడుగుతున్నాను" అంది డాక్టరమ్మ.

లేచేటప్పుడు ఇంకో మాట చెప్పింది. ఆవిడ మాట మా దగ్గర లేకుండా హఠాత్తుగా ఊపిరాడని పరిస్థితి వస్తే గొట్టం పెట్టేస్తాం, మా పద్ధతి అది. పెట్టాక తీయించడం మాటలు కాదు.

దారంతా నేను ఏ సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యం తగ్గుతుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మార్చి 13

సాయంత్రం బావ డ్యూటీ దిగి వచ్చాక అక్క స్విచ్ కోసం చూసింది. వేలి కింద పెట్టాను.

"వద్దు."

గరగర గొంతు. బావ నా వంక తిరిగాడు. "అది సరిగ్గా లేదన్నావు కదా? మొన్న చాలు అంటే ఇంకేదో అంది కదా?"

"అవును బావా. గడి జారి ఉంటుంది" అన్నాను.

అక్క మళ్ళీ నొక్కబోయింది. "కాస్త ఆగక్కా, ముందు దీన్ని సరిచేస్తాను" అని స్విచ్ తీసేశాను.

ఒక్కో అక్షరానికీ రెండు నొక్కులు, ఒకటి వరసకి, ఒకటి గడికి. దానికి వత్తు, గుణింతం. అన్ని నొక్కుల్లో ఒక్కటీ జారలేదని ఎవరు చెప్పగలరు?

మార్చి 14

ఆలస్యంగా అందితే పక్క గడి పడుతుంది. అంటే వ పడిందంటే ఆమె కోరింది ల కావచ్చు. ద పడిందంటే థ. లద్దు. వథ్థు. లథ్థు. పట్టికంతా వేసి చూశాను. ఏదీ మాట కావడం లేదు.

అయినా పరీక్షించనిదే ఏదీ తేల్చకూడదు. ఫ్యాక్టరీలో ఎవరైనా ఇలా తొందరపడితే నేనే కోప్పడతాను.

మార్చి 16, ఆదివారం

రెండోది, కొనుక్కునేది. గొంతు శుభ్రంగా వచ్చింది. అక్క గొంతు అంత తేటగా విని చాలా రోజులైంది. బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

దీని రోగం వేరే. కాసేపు బాగానే నడుస్తుంది, ఉన్నట్టుండి లోపలి గడియారం వెనకబడిపోతుంది, తర్వాత ఆ లోటు పూడ్చుకోవడానికి పరిగెత్తుతుంది. వెలుగు రెండు గడులు ఒకేసారి దూకుతుంది. కొత్త కంప్యూటర్ తన పనులు చేసుకుంటూ మధ్యలో తీరిక దొరికినప్పుడే దీని సంగతి చూస్తోంది. అద్దెవాడి గోడు ఓనరుకు పట్టదు.

అక్క నొక్కింది. "వద్దు. విన్నాశా."

"చూశావా! విన్నావా అనాల్సింది విన్నాశా అంది" అన్నాను. గొంతు కాస్త పెద్దదయింది. "వ పక్కన శ. జారింది. ఇంకా జారుతోంది."

బావ వెంటనే తలూపాడు. ఈ మధ్య నేను చెప్పినదానికి ఆయన ఇంత త్వరగా తలూపడం ఇదే మొదలు.

అక్క నన్ను చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

మార్చి 18

ప్రోగ్రాం రాసినాయన నంబరు దొరికింది. రిటైరయ్యాడు, చెవి సరిగ్గా వినబడదు. అంతా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఏ ప్రాసెసర్ మీద నడుపుతున్నావు?" అని అడిగాడు. చెప్పాను. నవ్వాడు. "బాబూ, నేను రాసినప్పుడు ఆ కంప్యూటర్ గడియారం చిప్‌ను నమ్ముకుని రాశాను. నీకు వేగంగా పరిగెత్తేది పనికిరాదు. పాత మెషీన్‌లాగా అడుగులో అడుగు వేసి నడిచేది కావాలి. ఎమ్యులేటర్ చూడు. కొంచెం బలమైన కంప్యూటర్ అడుగుతుంది, అంతే."

నేను నత్త అని తీసిపడేసింది అదే.

"ఇంకో సంగతి. సెట్టింగుల్లో పరీక్ష అని ఒక పేజీ ఉంటుంది. ఏ నొక్కు ఏ గడిలో పడిందో, ఎంత తేడా వచ్చిందో చూపిస్తుంది. అది సరిగ్గా ఉంటే ఇక అనుమానం పెట్టుకోకు."

"సరే సర్" అన్నాను.

"ఆవిడ బాగా మాట్లాడుతోందా? మైకు దగ్గర నన్ను ఒకటే దబాయించేది, మళ్ళీ చదువుతా, మళ్ళీ చదువుతా అని."

బాగానే మాట్లాడుతోందని చెప్పాను.

మార్చి 21, శుక్రవారం

మేనేజర్ని అడిగాను. డిజైన్ గదిలో వాడకుండా ఉన్న కంప్యూటర్ తీసుకోమన్నాడు. విషయం చెబితే, "మీ అక్కగారికైతే నన్ను అడగాలా?" అన్నాడు. మంచివాడు. ఇలాంటప్పుడు మనుషులు మంచివాళ్ళు కాకుండా ఉంటేనే నయం, ఇంకాస్త ఆలస్యమవుతుంది.

మార్చి 25, మంగళవారం

నడిచింది.

ఫ్యాక్టరీ స్టోర్ గదిలో, డబ్బాల మధ్య బల్ల మీద పెట్టి నడిపాను. అదే గరగర లేని గొంతు, అదే వెలుగు, అదే నడక. కళ్ళు మూసుకుని వింటే అక్క గదిలో ఉన్నట్టే ఉంది. పరీక్ష పేజీ తెరిచి వందసార్లు నొక్కాను. ప్రతి నొక్కూ దాని గడిలోనే పడింది.

తర్వాత మిగతా రెండు సాఫ్ట్‌వేర్లలో కూడా అదే పరీక్ష చేశాను. పోల్చి చూడాలి కదా. రెండూ జారుతున్నాయి, కానీ ఎప్పుడూ కాదు. అప్పుడప్పుడూ. పొట్టి మాటల్లో చాలా తక్కువ.

మార్చి 26

మరోసారి పరీక్షించాను. తేడా లేదు.

మార్చి 28

ఎక్కువసేపు నడిపితే ఏమవుతుందో చూడాలి. రోజంతా ఆన్‌లో ఉంచాను. తేడా లేదు. ఆదివారం తీసుకెళ్తాను.

మార్చి 30, ఆదివారం

కరెంటు పోతే ఎలా ఉంటుందో చూడలేదు. అది చూడకుండా ఇంట్లో పెట్టడం బాధ్యత లేని పని. వచ్చే వారం.

అక్క దగ్గరికి వెళ్ళాను. కొనుక్కునేదే ఇంకా నడుస్తోంది. స్విచ్ పెడితే వేలు పక్కకు జరిపింది. మాట్లాడదట. ఫ్యాన్ కావాలా అంటే పైకి చూసింది. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు.

మార్చి 31

బావ ఫ్యాక్టరీకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. డ్యూటీ బట్టల్లోనే, చంకలో అన్నం డబ్బా. స్టోర్ గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. తెర మీద వెలుగు గడి దిగుతోంది.

"ఇది నడుస్తోందా?"

"నడుస్తోంది. పరీక్షిస్తున్నా."

"గొంతు?"

ఒక మాట వేసి వినిపించాను. నాకు తోచింది ఏదో, నమస్తే అనో ఏదో. అక్క గొంతు రంగు డబ్బాల మధ్య మోగింది. బావ చాలాసేపు తెర వంక చూశాడు. ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందని అడుగుతాడనుకున్నాను.

"ఇంకొన్నాళ్ళు పరీక్షించరా" అన్నాడు.

"సరే బావా."

"తొందరేం లేదు."

"లేదు."

లేచి, గుమ్మం దగ్గర ఆగి, "మొన్న కొత్త పరుపు తెచ్చా. గొట్టం పెట్టాక ఎక్కువసేపు పడుకునే ఉండాలట కదా, ఒళ్ళు ఒరుసుకోకుండా ఉంటుందని" అన్నాడు.

మంచి పని చేశావన్నాను.

ఏప్రిల్ 2

తేడా లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

డాక్టరమ్మ ఫోన్. బావ ఫోన్ ఎత్తడం లేదట.

"మీ అక్కగారి జవాబు ఇంకా నాకు రాలేదు."

"సాఫ్ట్‌వేర్ సమస్య ఉంది మేడం. రెండు రోజుల్లో రెడీ అవుతుంది."

"ఆవిడ కళ్ళు కదుపుతారు కదా? పోనీ కళ్ళతో అడగండి."

కళ్ళతో అడిగేది ఫ్యాన్ గురించి, దుప్పటి గురించి మేడం, ఇలాంటివి కాదు, అన్నాను. ఇది పొరపాటు లేకుండా తేలాలి అన్నాను. సరైన పరికరం లేకుండా అడిగితే ఆవిడకే అన్యాయం అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

అంతా విని ఆమె, "ఆవిడ ఏం చెబుతారో మీకు తెలుసా?" అంది.

"తెలీదు మేడం."

"సరే. ఆవిడ ఊపిరి మాత్రం మీ సాఫ్ట్‌వేర్ కోసం ఆగదు" అని పెట్టేసింది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇది రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను.

బావ డ్యూటీలో ఉన్నాడు. పొద్దున పదకొండు దాటాక అక్కకు గొంతులో కఫం అడ్డుపడింది. ముఖం నల్లబడింది. కఫం పీల్చే మెషీన్ సన్న గొట్టం నోట్లోకి దించి లాగాను. వచ్చేదాకా లాగుతూనే ఉన్నాను. ఊపిరి మళ్ళీ కుదుటపడ్డాక, అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామని ఫోన్ తీశాను.

అక్క కిందికి చూసింది. కిందికి, కిందికి, కిందికి. కనుగుడ్లు ఊడి వస్తాయేమో అన్నంతగా. ఆ భయం నేను ఆమెలో ఎప్పుడూ చూడలేదు. జబ్బు పేరు చెప్పిన రోజు కూడా ఆ డాక్టర్ చీటీ తప్పుగా రాశాడని తిట్టింది తప్ప భయపడలేదు.

ఫోన్ కింద పెట్టాను. "ఏంటక్కా? నొప్పా?" కిందికి చూసింది. "భయమేస్తోందా?" పైకి చూసింది.

"చచ్చిపోతానని భయమా?" అని అడిగేశాను. అలా అడగగలనని నాకే తెలియదు.

కిందికి చూసింది. తర్వాత స్విచ్ వైపు చూసింది. ఇన్నాళ్ళూ ముట్టుకోనిది. వేలి కింద పెట్టాను. వెలుగు గడి దూకుతోంది, తప్పుతోంది. తప్పినప్పుడల్లా ఆమె తుడిపి మళ్ళీ నొక్కింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది. తుడుద్దామని చెయ్యి చాపితే కిందికి చూసింది, కదపొద్దని. ఎంతసేపు పట్టిందో తెలియదు.

"మీరంటే భయం."

ఒక్క అక్షరం కూడా జారలేదు.

కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె ఇంకా రాసింది.

"స్పృహ లేనప్పుడు గొట్టం పెట్టించేస్తారు. అందుకే నిద్ర పోవట్లేదు."

ఏప్రిల్ 7

పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళి కంప్యూటర్ తెచ్చేశాను. బల్ల మీద పెట్టి తీగలు కలుపుతుంటే బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పరీక్షలు అయిపోయాయా?"

"ఎప్పుడో అయిపోయాయి."

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

డాక్టరమ్మ ఇంటికే వచ్చింది, ఒక నర్సును వెంటబెట్టుకుని. నేను పరీక్ష పేజీ తెరిచి చూపించబోతే, "అది నాకెందుకండీ" అంది. కుర్చీ లాక్కుని అక్క ఎదురుగా కూర్చుంది.

"గొంతుకి గొట్టం పెట్టి మెషీన్‌తో ఊపిరి ఆడించమంటారా?"

వెలుగు నడిచింది, అడుగులో అడుగు వేసుకుంటూ. అక్క వేలు దానితోపాటే నడిచింది.

"వద్దు."

"ఎందుకో చెప్పాలనిపిస్తే చెప్పండి. చెప్పకపోయినా ఫరవాలేదు."

అక్క చెప్పింది.

"రేపో ఎల్లుండో ఈ వేలు కూడా పోతుంది. అప్పుడు మెషీన్ నన్ను బతికిస్తూనే ఉంటుంది. దురద పెడితే చెప్పలేను. చాలు అని చెప్పలేను. నేను మందులు అమ్మినదాన్ని. ఏ మందు ఎందాకా పనిచేస్తుందో తెలుసు."

బావ మంచం కోడు పట్టుకుని కిందికి కూర్చున్నాడు. "నేను ఉద్యోగం మానేస్తా. ఇంట్లోనే ఉంటా. ఇరవై నాలుగ్గంటలూ నీ పక్కనే ఉంటా. నీ కళ్ళు చూస్తే నాకు తెలియదా ఏం కావాలో?"

వెలుగు నడిచింది.

"కళ్ళు చూస్తే తెలిసేదైతే నెల రోజుల క్రితమే తెలియాలి."

అక్క నా వైపు చూసి మళ్ళీ నొక్కింది.

"డాక్టర్ల గిలుకుడు రాతే చదివి మందులిచ్చేదాన్ని. నా రెండక్షరాలు మీకు చదవడం రాలేదా?"

నర్సు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించింది. డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం తీసి రాసుకుంది, పైకి చదివి వినిపించింది. అక్క పైకి చూసింది. బావ సాక్షిగా సంతకం చేయాల్సిన చోట డాక్టరమ్మ వేలు పెట్టి ఆగింది. బావ కలం తీసుకున్నాడు. మూత తీయడం మర్చిపోయి రాయబోయాడు. నేను తీసి ఇచ్చాను.

ఏప్రిల్ 10

అక్క పొద్దుటిదాకా కదలకుండా నిద్రపోయిందని బావ ఫోన్ చేశాడు. అది చెప్పడానికే చేశాడు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఆగకుండా మాట్లాడుతోంది. వంటింటి కుళాయి కారుతోందని. బావ జుట్టు కత్తిరించుకోవాలని. నేను పెళ్ళి లేకుండా ఇలాగే మిగిలిపోతే ముసలితనంలో నన్ను ఎవరూ చూడరని. షాపు కొన్న మనిషి బోర్డు మీద తప్పులు రాయించాడట, వెళ్ళి చెప్పమంది. పొద్దున అరగంట రాస్తే అలసిపోతుంది. మాస్కు పెట్టి పడుకోబెడితే సాయంత్రం మళ్ళీ మొదలు.

ఈరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగింది.

"ఇది ఎప్పటినుంచి నడుస్తోంది?"

"మార్చి ఇరవై ఐదు."

"బావకి తెలుసా?"

నేను స్పీకర్ తీగ సర్దాను.

"నా పెళ్ళైన ఇన్నేళ్ళకి మీరిద్దరూ ఒక మాట మీద నిలబడ్డారన్నమాట."

ఏడుపొచ్చింది. "ఏడవకు, తుడవడానికి నాకు చెయ్యి లేదు" అంది.

ఏప్రిల్ 21

వేలు నీరసపడింది. ప్రోగ్రాంలో వెలుగు నడక తగ్గించాను. ఇంకా తగ్గించాను. గడి మీద వెలుగు వచ్చి చాలాసేపు ఆగుతోంది, అయినా వేలు దానికి అందడం లేదు. సాఫ్ట్‌వేర్ సరిగ్గానే ఉంది. నేను పరీక్షించలేదు.

ఏప్రిల్ 23

ఇక నొక్కలేకపోతోంది. కళ్ళతోనే. బావ అడుగుతున్నాడు, పక్కన కూర్చుని, ఒక్కొక్కటే. దాహమా? తల నొప్పా? దిండు ఎత్తనా? ప్రతిదానికీ ఆగి, ఆమె చూసేదాకా ఆగి, తర్వాతే ఇంకోటి అడుగుతున్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

మధ్యాహ్నం పోయింది. డాక్టరమ్మ ఇచ్చిన మందు పనిచేసింది. ఉక్కిరిబిక్కిరి కాలేదు. మేమిద్దరం ఉన్నాం.

మే 3

రాయడానికి ఏమీ లేదు.

మే 11, ఆదివారం

కంప్యూటర్ ఫ్యాక్టరీకి తిరిగి ఇచ్చేయాలి. తీసుకురావడానికి వెళితే బావ కుళాయి బిగిస్తున్నాడు. జుట్టు కత్తిరించుకున్నాడు. టీ పెట్టాడు. నేను తీగలు చుడుతుంటే మంచం అంచున కూర్చుని చూస్తూ ఉన్నాడు.

"మొదటిరోజు, ఆ గరగర గొంతుతో చెప్పింది కదా" అన్నాడు.

"ఊఁ."

"అప్పుడు నువ్వేం విన్నావు?"

గడి, జారడం, ఆలస్యం, ఇవన్నీ నోట్లోకి వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"వద్దు అనే విన్నా బావా."

"నేనూ అదే విన్నా" అన్నాడు.

టీ చల్లారిపోయింది. ఇద్దరం అలాగే తాగాం. ఆయన డ్యూటీకి వేళయింది. చొక్కా గుండీలు పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, తాళాల గుత్తి నా ముందు బల్ల మీద పెట్టాడు.

"రాత్రికి అన్నం ఇక్కడే తిను. ఒక్కడికి వండుకోవడం నాకు రావట్లేదు."

"సరే బావా" అన్నాను.